కంప్యూటర్‌లో కురిసిన కార్తీకం వాన

2008 వేసవిలో నన్ను తిరుపతిలోని ఒక పరిశోధన కేంద్రానికి సీనియర్ సైంటిస్టుగా బదిలీ చేశారు. అక్కడ నా పని ప్రాంతీయ వాతావరణ నమూనా. మా నోట్లో అది ఉత్త ‘మోడల్’. భూగోళమంతా లెక్కగట్టే పెద్ద మోడల్‌కు మన దేశం మొత్తం కొన్ని గళ్లే. అందులో ఒక ముక్కను తీసుకుని, దాని అంచుల దగ్గర గాలినీ తేమనూ పెద్ద మోడల్ నుంచి అరువు తెచ్చుకుని, లోపల చిన్న గళ్లతో మళ్లీ లెక్క కడతాం. ఆఫ్రికాకైనా రాయలసీమకైనా పద్ధతి ఒకటే. మా గడి యాభై కిలోమీటర్లు. తిరుమల, పాకాల ఒకే గడిలో పడేవి. ఏడుకొండలూ సగటు లెక్కలో కరిగిపోయి ఓ చిన్న మిట్టగా మిగిలేవి. స్వామికి ఈ సంగతి తెలియకపోవడమే మేలని నవ్వుకునేవాళ్లం.

ఆ మోడల్ లోకమంటే నాకు మహా ఇష్టం, దాచుకోవడమెందుకు? లెక్క సులువు కోసం అక్కడ ప్రతి నెలకూ ముప్పై రోజులే, ఫిబ్రవరికి కూడా. కిటికీ అవతల ఎండ మాడ్చేస్తుంటే, తెర మీద ఇంకా పుట్టని ఏళ్ల మబ్బులు బంగాళాఖాతం మీంచి నిదానంగా వచ్చి మా గడి మీద ఆగేవి. చూస్తూ కూర్చుంటే టీ చల్లారిపోయేది.

ఆగస్టులో మునిరత్నం మామ పాకాల నుంచి బస్సెక్కి ఆఫీసుకు వచ్చాడు. మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. తన చేతులతో నాటిన మామిడితోట ఆయన ప్రాణం. వరస కరువుకు బోరు ఎండిపోతోంది. చెట్లు కొట్టేవాళ్లు రంపాలతో సిద్ధంగా ఉన్నారు, ఈయన ‘ఊ’ అనడమే తరువాయి. ఈ యేడు కార్తీకంలో వాన పడుతుందా లేదా, అదొక్కటే ఆయనకు కావాలి.

ఆ సమయానికి నేనొక రన్‌ను, అంటే మోడల్‌ను ఒకసారి నడిపితే వచ్చిన ఫలితాన్ని, తనిఖీ చేస్తున్నాను. తెర మూలన ‘నవంబర్ 2008’ అని ఉంది.

“అల్లుడా, మన పాకాల యాడుండాది దీంట్లో?” అన్నాడు. వేలు పెట్టి చూపించాను.

“దాని మింద ఆ నీలం ఏంది?”

“వాన, మామా.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “పడతాది! నా సామీ, పడతాది!” అంటూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఏడు మనది కాదని వెంటనే చెప్పాను. మోడల్‌లో 2008 అంటే ఈ కాలంలో రావడానికి వీలున్న ఒకానొక ఏడు, అంతే. మొదటిరోజు గాలిని రవ్వంత మార్చి నడిపితే అదే నవంబర్ బొట్టు లేకుండా ఎండిపోవచ్చు. అందుకే ఒక్క ఏటినీ ఒక్క గడినీ మేం నమ్మం. ముప్పై ఏళ్ల సగటు తీస్తాం, చుట్టుపక్కల గళ్లు కలుపుతాం, నాలుగైదు రన్‌లు పోల్చుకుంటాం. మునుముందు వేడి పెరుగుతుందని అన్నీ ఒప్పుకుంటాయి, వాన దగ్గరికొచ్చేసరికి తగువులాడుకుంటాయి.

“అంటే ముప్పై ఏండ్ల సంగతి సెప్తావు, మూణ్ణెల్ల సంగతి సెప్పలేవు.”

“అంతే మామా.”

“ఏం సదువబ్బా మీది!”

కోపమొచ్చి లేచి వెళ్తాడనుకున్నాను. లేవలేదు. “ఉత్తుత్తి వానైతే ఏమిలే. ఇంగో తూరి ఎయ్యి, సూస్తాను” అన్నాడు. మొదటికి తిప్పాను. ఇద్దరం తెరకేసి చూస్తూ కూర్చున్నాం. సముద్రం మీద మబ్బు పుట్టింది, ఒడ్డు దాటింది, మా గడి మీదికొచ్చి కురిసింది. ఆఖరి బస్సు తప్పిపోతుందని నేనే గుర్తుచేయాల్సి వచ్చింది.

ఊరికి పోయి రంపాలవాళ్లను వెనక్కి పంపేశాడు. అల్లుడు కంప్యూటర్‌లో వాన చూపించాడని ఊరంతా చెప్పాడు. నాకు బెంగ పట్టుకుంది. వాన రాకపోతే తోట నిలువునా ఎండుతుంది, ఆ మాట జన్మంతా నా మెడకు చుట్టుకుంటుంది.

కార్తీకంలో వాన పడింది. బోరు తేరుకుంది, తోట నిలిచింది.

ఇక పాకాల బస్సు దిగి రైతులు నా గదికి రావడం మొదలైంది. వచ్చే ఏడు చూపించమంటారు. అది కాకతాళీయమని గొంతు పోయేలా చెప్పాను. “సొంత మామకైతే సూపించె, మనకు సూపిస్తాడా యాడన్నా” అని గొణుక్కుంటూ వెళ్లిపోయారు. మీరైనా వాళ్లకు అసలు సంగతి చెప్పండని మామను బతిమాలాను. “సెప్తే ఎవురు నమ్ముతారల్లుడా? వాన పడె గదా” అన్నాడు.

అప్పటి నుంచి బయటివాళ్లకు చూపే బొమ్మల్లో సంవత్సరం వేయనివ్వలేదు. చెప్పిన జోస్యం తప్పితే ఎలాగో సర్దిచెప్పుకోవచ్చు. చెప్పని జోస్యం నిజమైతే, దాన్ని వెనక్కి తీసుకునే దారి మా శాస్త్రంలో లేదు.