వేలికి పట్టిన పిస్తోలు

తుపాకీతో దొంగను పట్టుకున్నవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. దొంగ ఊసే లేకుండా తుపాకీకి తానే పట్టుబడ్డ మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఈ సంగతి చెబుదామని ఇంట్లో ఎప్పుడు నోరు తెరిచినా, మొదటి మాట పూర్తికాకముందే మా ఆవిడ హుస్సేన్‌బీ వంటింట్లోంచి నవ్వడం మొదలుపెడుతుంది. ఆ నవ్వు చెవిన పడ్డాక నా మాట ఎవరు వింటారు? అందుకే ఆవిడ ప్రొద్దుటూరు పెళ్లికి వెళ్లిన అదను చూసుకుని, నా పరువు పోయిన వైనమంతా మీకు తీరిగ్గా రాసిపెడుతున్నాను.

డెబ్బైల చివరి మాట. మా కడప జిల్లాలో షార్జా అయినా దుబాయే, అజ్మాన్ అయినా దుబాయే. నేనుండింది అజ్మాన్‌లో. సముద్రం పక్కన ఒక అరబ్బు పెద్దాయనకు ఐసు ఫ్యాక్టరీ ఉండేది. చేపల పడవలన్నీ అక్కడికే ఐసు దిమ్మల కోసం వచ్చేవి. అందులో కంప్రెసర్లు చూసుకునే మెకానిక్‌ను నేను. ఆ పెద్దాయనే నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ పడ్డ యజమాని. మేమంతా ఆయన్ను అర్బాబ్ అని పిలిచేవాళ్లం. కోపం వస్తే కంప్రెసర్‌లా మోగేవాడు గానీ, మనసు మాత్రం ఆయన అమ్మే సరుకులాంటిదే, కాస్త ఎండ తగిలితే కరిగిపోయేది.

ఆయన కాళ్లావేళ్లా పడి హుస్సేన్‌బీకి వీసా తెప్పించుకున్నాను. ఫ్యాక్టరీ వెనకాలే రేకుల కప్పుతో రెండు గదుల ఇల్లు ఇచ్చాడు. తలుపు ప్లైవుడ్డు. గట్టిగా తుమ్మితే ఊగేది. అయితేనేం, ఏళ్ల తరబడి క్యాంపులో పదిమంది మధ్య పడుకున్న నాకు అది రాజమహలే. పొద్దున డ్యూటీ దిగి వస్తుంటే ఉప్పుగాలిలోంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన ఎదురొచ్చేది. ఈ రోజుకీ ఆ వాసన తలుచుకుంటే కడుపూ నిండుతుంది, కళ్లూ నిండుతాయి.

ఇంతలో మా వీధి చివర ఎవరింట్లోనో టేప్‌రికార్డర్ పోయింది. నాకేమో అన్నీ రాత్రి డ్యూటీలు. హుస్సేన్‌బీ ప్లైవుడ్డు తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది, ఇనుప పెట్టె కిందికి దించింది.

"ఏమయ్యా, నువ్వు రేత్రంతా ఆ ఐసు కాడ ఉంటావు. నేనీడ గోడలతో మాట్లాడుకుంటా కూచోవాల్నా? దొంగ నా కొడుకు వస్తే ఏం జేయాల?"

"ఎవరొస్తారే? మన ఇంట్లో ఏముండాది?"

"నేనుండా గదా! నేను నీ కంటికి లెక్కలేదా? నా చేతికి ఏదన్నా ఆయుధమన్నా ఇయ్యి, లేకుంటే టికెట్టన్నా తీసియ్యి. మా నాయన కాడికి పోతా."

అది ఉత్త బెదిరింపు కాదు. ఆవిడ చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దడం నేను కళ్లారా చూశాను. ఆవిడ వెళ్లిపోతే నేను మళ్లీ క్యాంపు, మళ్లీ ఆ పదిమంది గురకలు, మళ్లీ మాడిన పప్పు. పరుగున పోయి అర్బాబ్‌తో మొరపెట్టుకున్నాను.

శుక్రవారం నమాజు కాగానే ఆయన జీపులో మా ఇంటి ముందుకే వచ్చాడు. బానెట్ మీద ఒక గుడ్డ పరిచి, గాజుల మలారం విప్పినట్టుగా దానిమీద మూడు పిస్తోళ్లు పెట్టాడు. హుస్సేన్‌బీ నెత్తిన కొంగు కప్పుకుని గుమ్మంలోంచి తొంగిచూసింది.

"ఇల్లు నాది, లైసెన్సు నాది, తుపాకీ నాది. నా ఇంటికి కాపలాగా ఒకటి ఇక్కడ ఉంచుతాను. ఒక్కటే! ఇద్దరి చేతికీ సరిపోయేది ఏరుకోండి. సరిపోకపోతే లేదు, ఖలాస్" అన్నాడు అర్బాబ్ తన అరబ్బు హిందీలో.

నా కళ్లు తెల్లపిడి ఉన్న పొడుగాటిదాని మీద పడ్డాయి. అది చేతిలోకి తీసుకోగానే మీసం దానంతటదే పైకి లేచింది. హుస్సేన్‌బీ అందుకుని, రెండు చేతులా ఎత్తబోయి దించేసింది.

"ఇది రోకలిబండ కంటే బరువుండాదే! దొంగొస్తే, 'నాయనా, కొంచేపు కూచో, లేపుతాండా' అని చెప్పాల్నా?"

రెండోది పరవాలేదనిపించింది గానీ, దాన్ని సిద్ధం చేయాలంటే పైభాగాన్ని బలంగా వెనక్కి లాగాలట. ఆవిడ లాగింది, నేనూ లాగాను. ఇద్దరం కలిసి లాగాం. అది కదల్లేదు. అర్బాబ్ వేరే వైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

మూడోది బుజ్జిది. గుప్పిట్లో దాగిపోయేంత. వాళ్లమ్మగారి కోసం కొన్నాడట. హుస్సేన్‌బీ పట్టుకోగానే ఆవిడ చేతిలో అది పుట్టినప్పట్నుంచీ ఉన్నట్టు అమరిపోయింది.

"ఇది బాగుండాది" అంది. ఆ మొహంలో భయం పోయి వెలుగు వచ్చింది.

"బీబీకి సరే. మరి నీకు?" అన్నాడు అర్బాబ్.

ఇక్కడ నా వేళ్ల గురించి ఒక మాట మనవి చేసుకోవాలి. చిన్నప్పట్నుంచీ పానాలు పట్టీ పట్టీ నా వేళ్లు ఒక్కొక్కటీ మునక్కాయంత ఉంటాయి. ఆ ట్రిగ్గరు చుట్టూ ఉన్న రింగేమో చిన్నపిల్లల ఉంగరమంత ఉంది. చూడగానే తెలుస్తోంది, పట్టదని. కానీ పట్టదంటే పిస్తోలు పోతుంది, పిస్తోలు పోతే పెళ్లాం పోతుంది.

"నా చేతికి కొలత తీసి చేసినట్టుంది అర్బాబ్!" అన్నాను.

"వేలు పెట్టి చూడు."

"నా చెయ్యి నాకు తెలీదా?" అన్నాను ధీమాగా. ఈ ఒక్క మాటకు నా నాలుకను ఏం చేసినా పాపం లేదు.

అర్బాబ్ గుళ్లన్నీ తీసి తన జేబులో వేసుకున్నాడు. కాల్చడం నేర్పాకే అవి ఇస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ వేలు చూపించి చెప్పాడు: "ఇది గడప దాటకూడదు. పరదేశి చేతిలో పిస్తోలు పోలీసు కంటపడితే నీ వీసా, ఆమె వీసా రెండూ పోతాయి. తర్వాత నేను కూడా ఏమీ చేయలేను."

మర్నాడు మధ్యాహ్నం హుస్సేన్‌బీ పిస్తోలు పట్టుకుని అద్దం ముందు దొంగలను గద్దించడం సాధన చేస్తోంది. నేను మంచం మీద పడుకుని చూస్తున్నాను.

"నువ్వొకసారి పట్టి చూపీ. మొగోడు ఎట్లా నిలబడతాడో చూస్తా" అంది.

లేచాను. ఛాతీ విరిచాను. వేలు రింగులో పెట్టాను. మొదటి కణుపు దగ్గర ఆగిపోయింది. ఆవిడ చూస్తోంది కదా, ఇంకాస్త నెట్టాను. "టక్"మంది. రెండో కణుపు కూడా లోపలికి పోయింది. పోయినది పోయినట్టే, ఇక వెనక్కి రాలేదు.

"చూసినా, చాల్లే, ఇంక తియ్యి."

"తీస్తాలే, ఏం తొందర?"

"తియ్యి అంటాండా."

"రాలేదే హుస్సేన్‌బీ..."

సబ్బు రాసింది. లాగింది. మంచం కోడుకు కాలు తన్నిపెట్టి లాగింది. ఎంత లాగితే అంత వాచింది. వేలు ముందు ఎర్రబడి, తర్వాత వంకాయ రంగుకు తిరిగింది.

"లోపల గుండు లేదు గదా?"

"అర్బాబ్ తీసేసినాడు గదా. టక్ అన్నప్పుడే పేలింటే పేలిండేది."

"ఇంకోటి యాడన్నా ఇరుక్కోని ఉంటే?"

ఆ అనుమానం వచ్చాక ఇద్దరం పిస్తోలు మూతి ఎటు తిరిగితే దానికి అవతలి వైపుకు తిరగడం మొదలుపెట్టాం. ఆ చిన్న గదిలో మా ఇద్దరి ప్రదక్షిణ చూస్తే ఎవరికైనా మాకు పిచ్చేమోనని అనుమానం వచ్చేది. సాయంత్రం డ్యూటీకి పోవాలి. పిస్తోలుతో పానా ఎలా పట్టను?

"కొబ్బరినూనె ఉంటే జారుతాది. ఇంట్లో చుక్క లేదు. నేను పోయి తెస్తా" అంది.

"నీకు భాష రాదు, దారి తెలీదు. నేనుండగా నువ్వెందుకు?" అన్నాను. భార్యను కాపాడుకునే మగవాణ్ణి కదా మరి! చేతికి తువ్వాలు చుట్టుకుని, గడప దాటకూడని దాన్ని గడప దాటించాను.

మా వీధి మలుపులో కోయా అనే మలయాళీ పచారీ కొట్టు ఉండేది. మనిషి సాధువు. ధర అడిగినా నొచ్చుకుంటూ చెప్పేవాడు. ఆ కొట్టు కూడా మా అర్బాబ్ కట్టించినదే. నేను వెళ్లేసరికి కోయా ఒక్కడే కూర్చుని బియ్యం బస్తా కుడుతున్నాడు.

"కోయా భాయ్, కొబ్బరినూనె కావాలి" అన్నాను.

"ఏ సీసా? చిన్నదా, పెద్దదా?"

"అదిగో, ఆ పైనున్నది" అని చెయ్యి చాపి చూపించాను.

చూపించడానికి మనిషి ఏ వేలు వాడతాడు? చూపుడువేలే కదా! తువ్వాలు జారి కిందపడింది. సీసా కోయా తల వెనకాల ఉంది. పిస్తోలు కోయా ముక్కు ముందు ఉంది.

"పడచ్చోనే!" అని తన భాషలో దేవుణ్ణి పిలుస్తూ ఒక్క కేక పెట్టి కోయా రెండు చేతులూ పైకెత్తాడు. "భాయ్, గోలీ మత్ మారో! సబ్ లేలో!"

"కాదు భాయ్, నూనె..."

"నూనె కూడా తీసుకో!"

"డబ్బులిస్తాను, నా జేబులో..."

"నాకొద్దు! నా డబ్బులే నువ్వు తీసుకో!" అని సొరుగు లాగి నా ముందుకు తోశాడు.

నేను వద్దు వద్దని చెయ్యి ఊపాను. ఏ చెయ్యో మీరే ఊహించుకోండి. పిస్తోలు అటూ ఇటూ ఊగేసరికి కోయా బల్ల కిందికి దూరిపోయాడు. అక్కణ్ణుంచే చెయ్యి మాత్రం పైకి పెట్టి ఒక్కొక్క సీసా అందించాడు. కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం, చివరికి తలకు రాసుకునే వాసననూనె. అన్నీ పట్టుకుని ఇంటికి ఎలా వచ్చిపడ్డానో నాకే తెలియదు.

ఉన్న నూనెలన్నీ రాశాం. వేలు నిగనిగలాడింది, రాలేదు. ఇంతలో జీపు ఆగిన చప్పుడైంది. కోయా పోలీసుల దగ్గరికి పోలేదు. దేవుడు చల్లగా చూసి, తన కొట్టు యజమాని దగ్గరికే పరిగెత్తాడు. అర్బాబ్ లోపలికొచ్చాడు. అప్పుడు ఆయన కంప్రెసర్ కాదు, బాయిలరు.

"యా మస్తాన్! నా పిస్తోలుతో నా కొట్టునే దోచావా?"

జవాబుగా చెయ్యి చాపాను. ఆయన చటుక్కున పక్కకు జరిగి, తర్వాత దగ్గరికి వచ్చి చూశాడు. "కొలత తీసి చేసినట్టుందన్నావు కదా?" అన్నాడు. ఆయన కూడా పట్టి లాగాడు. నా అరుపుకు రేకులు అదిరాయి.

తలుపు వెనకనుంచి హుస్సేన్‌బీ గొంతు వినిపించింది. "అట్లా లాగితే రాదని చెప్పు. ఐసు పెడితే వాపు తీస్తాది. ఏమయ్యా, నువ్వు పనిచేసేది ఐసు ఫ్యాక్టరీలోనే గదా?"

ఎదురుగా గుట్టలు గుట్టలుగా ఐసు పెట్టుకుని నేను నూనె కోసం ఊరిమీద పడ్డాను! ఆ మాట అర్బాబ్‌కు హిందీలో చెప్పాల్సి వచ్చింది నాకే.

ముగ్గురం ఫ్యాక్టరీలోకి వెళ్లాం. దిమ్మ మీద చెయ్యి ఆనించి, స్పర్శ పోయేదాకా ఉంచాను. అప్పుడు హుస్సేన్‌బీ నా పక్కన కూర్చుని, ఊళ్లో గాజులామె చిన్నగాజులు తొడిగే పద్ధతిలోనే చేసింది. కణుపును సబ్బునీళ్లతో మెత్తగా ఒత్తుతూ, రింగును కొద్దికొద్దిగా తిప్పుతూ, నా ధ్యాస మళ్లించడానికి మాటల్లో పెట్టింది.

"మా చిన్నాయన కూతురి పేరు చెప్పు సూస్తాం."

"ఏ కూతురు? పెద్దదా?"

"ఇదో, వచ్చేసింది!"

పిస్తోలు ఆవిడ చేతిలో ఉంది. నా వేలు నాకు దక్కింది. అర్బాబ్ మొదట పెదవి బిగించాడు. తర్వాత ఐసు దిమ్మ మీద కూలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వుతో నా వీసా నిలబడింది. కానీ లేస్తూ, పిస్తోలు జేబులో పెట్టుకుని ఆయన అన్న మాటకు నా ప్రాణం మళ్లీ పోయింది.

"బీబీకి చెప్పు. ఈ మనిషి ఆమెను కాపాడలేడు. పిస్తోలు ఇక ఇవ్వను. ఊరికి పోతానంటే టికెట్ నేనే తీస్తాను."

నన్ను తిట్టిన తిట్టును నేనే తెలుగులో చెప్పాలి. చెప్పాను. తలెత్తి ఆవిడ మొహం చూసే ధైర్యం లేకపోయింది. పెట్టెలో సర్దిన చీరలే కళ్లముందు కనబడ్డాయి.

హుస్సేన్‌బీ కొంగు సర్దుకుంది. "నేను పోతే ఈయప్పను ఎవరు కాపాడతారు? దొంగల సంగతి తర్వాత. ముందు ఈయన్ను చూసుకోను ఒక మనిషి ఉండాల. టికెట్టూ వద్దు, ఏమీ వద్దు. పా ఇంటికి, వేలికి పసుపు పెడతా."

ఆ మాట అర్బాబ్‌కు నేను అనువదించలేకపోయాను. ఆయనకు తెలుగు రాకపోయినా అర్థమైంది, "యల్లా, పోండి" అని నా భుజం తట్టాడు.

ఆ తర్వాత మేం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏ దొంగా మా గడప తొక్కలేదు. ఎందుకంటే నా పిస్తోలు గురించి కోయా ఊరంతా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ దాన్ని కొంచెం పెద్దది చేశాడు. కొన్నాళ్లకు అది మెషిన్‌గన్ అయింది. నేను నడుస్తుంటే మనుషులు పక్కకు తప్పుకునేవాళ్లు. పరారీలో ఉన్న బందిపోటుననీ, నా భార్య ఒక్కతే నన్ను అదుపులో పెట్టగలదనీ చెప్పుకునేవాళ్లట. అందులో రెండో సగం అక్షరాలా నిజం.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసుకునేది ఏమనగా, నా ఇల్లాలి చేతికి చక్కగా అమరిన ఏ వస్తువునైనా, అది పిస్తోలే కానీ గరిటే కానీ, చూసీచూడగానే "నాక్కూడా సరిపోతుంది" అని ఈ జన్మలో మళ్లీ అనను. ఒట్టు. ఏ వేలూ ఎందులోనూ పెట్టకుండా, అరచెయ్యి బార్లా చాపి మరీ వేస్తున్నాను.