తొమ్మిది తేలిన మోడెం

నేనిప్పుడు చెప్పబోయేది ఆరు రోజుల మహాసంగ్రామం. ఇందులో వ్యూహాలున్నాయి, కాపలాలున్నాయి, ఒక వీరవనిత భవితవ్యం ఉంది. ఇంత దూరం చదివారు కాబట్టి నిజం చెప్పేస్తాను. అంత లేదు. మా నాన్న మోడెం ఆపాడు, వేశాడు, మళ్లీ ఆపాడు, వేశాడు, అంతే. వీరవనిత మా అక్క.

ఫోను తీగలోంచే బ్రాడ్‌బ్యాండ్ రావడం విజయవాడలో అప్పుడప్పుడే మొదలైంది. మాది వన్ టౌన్‌లో కింద చీరల కొట్టు, పైన ఇల్లు. అక్క డిగ్రీ అయ్యాక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుంది. ఎక్కడో డాక్టర్లు గొణిగినదంతా హెడ్‌ఫోన్లో విని టైపు చేసే పని అది. హైదరాబాదు కంపెనీ ఒకటి, ఇంట్లోంచే చేసి చూపించమని సోమవారం నుంచి శనివారం దాకా పరీక్ష పెట్టింది. రోజూ సాయంత్రం ఆరింటికల్లా పది ఫైళ్లు పంపాలి. నెగ్గితే ఉద్యోగం. నెగ్గకపోతే ఆ పై సోమవారం నుంచి అక్క కొట్లో కూర్చోవాలని నాన్న తీర్మానం. అక్కకి చీరలంటే ఇష్టమే. నలభై చీరలు విప్పించి "మళ్లీ వస్తామండీ" అని లేచిపోయేవాళ్లంటేనే ప్రాణం మీదికొస్తుంది.

కంపెనీవాళ్లు ఒక షరతు పెట్టారు. రోగుల వివరాలు కాబట్టి, ముందుగా రాయించుకున్న ఐపీ అడ్రసు నుంచి తప్ప వాళ్ల సైటు తెరుచుకోదు. రాయించుకోవడం ఒక్కసారే. మూడుసార్లు కాదనిపించుకుంటే అకౌంటుకు తాళం పడుతుంది. మా నాన్న ఇదేదో డోర్ నంబరులాంటిదనుకున్నాడు. కాదని నేను వివరించాను. నా పాండిత్యమంతా ఇంటర్నెట్ సెంటర్లో సంపాదించింది. ఫోనువాళ్ల దగ్గర ఇళ్లకు సరిపడా అడ్రసులు ఉండవు. ఉన్నవాటిలో ఖాళీగా ఉన్నది, ఎవరు మోడెం వేస్తే వాళ్లకిస్తారు. ఉయ్యూరు బస్సులో సీటు లాంటిదన్నమాట. కూర్చున్నంతసేపూ మనది. టీ తాగడానికి దిగి వచ్చేసరికి అందులో ఇంకెవరో ఉంటారు, మనం వెనక సీటు వెతుక్కోవాలి. కర్చీఫ్ వేసి వెళ్దామంటే ఇక్కడ కిటికీ లేదు.

నేను చేసిన తప్పు ఇదే. మోడెం ఆపి మళ్లీ వేస్తే నంబరు మారుతుందని నాన్నకు చెప్పడం.

మా స్కూటరు నంబరు కూడితే తొమ్మిది. కొట్టు ఫోను నంబరు కూడితే తొమ్మిది. స్కూటరుకి ఆ నంబరు కోసం నాన్న రెండు నెలలు ఆగాడు. అలాంటి మనిషికి, స్విచ్ నొక్కినప్పుడల్లా కొత్త నంబరు ఊరికే వస్తుందని తెలిస్తే ఏమవుతుంది? సోమవారం పొద్దున్నే స్నానం చేసి, కొట్లోని క్యాలిక్యులేటరు పట్టుకుని మోడెం ముందు బాసింపట్టు వేశాడు. నేను తెర మీద నంబరు చదవాలి, ఆయన కూడాలి.

"ఏడు. ఆపు."

"నాన్నా, ఏడుకేమైంది?"

"ఏడు కొత్తపేట వాళ్ల కొట్టు నంబరే. చూశావుగా వాళ్ల బేరాలు. ఆపు."

నాలుగు వచ్చింది. ఒకటి వచ్చింది. మళ్లీ నాలుగు. మధ్యలో ఒకసారి తొమ్మిది వచ్చింది గానీ రాహుకాలంలో వచ్చిందని దాన్నీ వదిలేశాడు. పదకొండోసారి తొమ్మిది తేలింది. నాన్న లేచి మోడెంకి కుంకుమ బొట్టు పెట్టాడు. అక్క ఫోన్ చేసి ఆ నంబరు కంపెనీలో రాయించింది. అప్పటికి టైము పదకొండు. అక్క నాతో మాట్లాడటం మానేసింది.

ఇక ఆ నంబరును కాపాడుకోవాలి. మా అమ్మ ఉరిమితే ప్లగ్గు పీకుతుంది, కూరగాయలకు వెళ్తూ పీకుతుంది, ఊరికే కూడా పీకుతుంది. స్విచ్ బోర్డు మీద ‘ముట్టరాదు’ అని రాసి అంటించాం. అమ్మ అది చదివి, చాలా గౌరవంగా, దాని చుట్టూ తుడిచేది. మధ్యాహ్నం రెండు గంటల కరెంటు కోతకు మాత్రం చదువు రాదు. అందుకని పక్కింటి బాబాయి రంగంలోకి దిగాడు. ఆయనకు ఆటోనగర్లో బ్యాటరీల షెడ్డు ఉంది. ఆదివారమే ఒక ఇన్వర్టరు, ఒక లారీ బ్యాటరీ ఆటోలో వేసుకొచ్చి హాల్లో దించాడు.

"అన్నగారూ, దీంతో లారీ స్టార్టవుద్ది. మీ డబ్బాకి ఏమవుద్దో నాకు తెలీదు," అన్నాడు.

కంప్యూటరుకీ మోడెంకీ తప్ప దేనికీ ఆ కరెంటు ఇవ్వకూడదని నాన్న ఆజ్ఞ. రోజూ రెండు గంటలు ఇంటిల్లిపాదీ చెమటలు కక్కుతూ, చల్లగా మెరిసే నాలుగు పచ్చ దీపాలను చూస్తూ కూర్చునేవాళ్లం. చూడటానికొచ్చిన బాబాయి కూడా మాతోపాటే అట్టముక్కతో విసురుకునేవాడు. అయిదు రోజులు అక్క టైముకే పంపింది.

శనివారం నాలుగున్నరకు, కరెంటు ఉండగా, ఎవరూ ముట్టుకోకుండా, మోడెంలో ఒక దీపం ఆరిపోయింది. నిమిషం తర్వాత వెలిగింది. నంబరు మారిపోయింది. ఫోనువాళ్లే లైను తెంపి కలిపారు, అలా చేస్తుంటారు. అక్కకి ఇంకా మూడు ఫైళ్లున్నాయి. తాళం భయంతో సైటు తెరవడానికి చెయ్యి రావట్లేదు. నాన్న పాత నంబరు తిరిగొచ్చేదాకా ఆపుతూ వేస్తూ ఉంటానని మొదలుపెట్టాడు. ఆరు. మూడు. ఎనిమిది. అయిదు. లక్షల నంబర్లలోంచి పోయినదాన్ని ఆయన బొట్టు చూసి గుర్తుపట్టేలా ఉన్నాడు. అయిదూ పది అయింది.

అక్క హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "నాన్నా, ఇంకొక్కసారి ఆపావంటే నేనిప్పుడే కిందికొచ్చి చీరలు మడత పెడతా."

నాన్న వేలు స్విచ్ మీదే ఆగిపోయింది. అక్క కంపెనీకి ఫోన్ కలిపింది. నేను చెవి ఆనించాను. అవతలాయన గొంతులో ఆవలింత.

"అడ్రసా మేడమ్? ఆ రూలు మంగళవారమే తీసేశామండి. ఇళ్లల్లోంచి చేసేవాళ్లందరికీ రోజూ మారిపోతోంది, ఫోన్లెత్తలేక చచ్చాం. పాస్‌వర్డ్ కొట్టుకోండి, చాలు."

నాలుగు రోజులుగా మేం ఊరికే చెమటలు కక్కాం. ఆ రోజూ మాతోనే కూర్చున్న బాబాయి లేచి, కరెంటు ఉన్నా నాన్న ముట్టనివ్వని ఫ్యాను వేశాడు. అక్క టైపు చేసింది. గుండె జబ్బు ఒకటి, మోకాలు ఒకటి, చివరిది ఎవరిదో పన్ను. ఆరుకి నాలుగు నిమిషాలుందనగా మూడోది వెళ్లింది.

సోమవారం ఉద్యోగం వచ్చింది. తప్పులు తక్కువున్నాయన్నారు. నాన్న మాత్రం శనివారం నాటి ఆఖరి నంబరు నాచేత మళ్లీ చదివించుకుని కూడాడు. అయిదొచ్చింది. ఇంకోసారి కూడాడు. అయిదే. అప్పుడు నన్ను, మారకుండా ఉండే నంబరు ఎక్కడిస్తారో కనుక్కురమ్మని ఎక్స్ఛేంజికి పంపాడు.

ఇస్తారు. తెల్లకాగితం మీద అర్జీ, దానికి ఫోను బిల్లు జిరాక్సు. రెండో అంతస్తు, మూడో కౌంటరు. ఒంటిగంటన్నర నుంచి రెండున్నర దాకా భోజనం.