సంగటి తిన్న తోకకప్పలు

నా చిన్నప్పుడు వానలు సరిగా పడని ఒక ఏడాది, పుంగనూరు దగ్గర మా చెనక్కాయల చేనిలో గుంట ఎండిపోతుంటే, అందులో గిలగిల్లాడుతున్న తోకకప్పల్ని టిఫిను డబ్బాలో ఇంటికి మోసుకొచ్చాను. తోకకప్పలంటే కప్పపిల్లలే, కాళ్లు రాకముందు చేపల్లా తోకాడిస్తూ తిరుగుతాయి. పెరట్లో ఉన్న పాత సిమెంటు తొట్టిలో వదిలి, ఇక వాటికి అమ్మను నేనేనని ఇంట్లో చాటాను.

అమ్మన్నాక పెట్టాలి కదా. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం రాగిసంగటి, సాయంత్రం బొరుగులు. అవి మూగి తింటుంటే నా కడుపు నిండిపోయేది. కానీ ఒక పొద్దున చూస్తే కొన్ని వెల్లకిలా తేలుతున్నాయి. నిన్నటిదాకా హాయిగా ఈదినవే! ఆకలికి పోయాయేమోనని ఇంకాస్త సంగటి వేశాను. ఇంకొన్ని పోయాయి. పక్కింటి అక్క వాటిని ముద్దుగా ఉన్నాయని మెచ్చుకున్న సంగతి గుర్తొచ్చి, ఇది దిష్టేనని తేల్చాను. ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టుకుని తొట్టికి దిష్టి తీస్తుండగా మా అవ్వ చూసింది.

తొట్టి మీదికి వంగి వాసన చూసి వెళ్లిపోయింది. మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి సంగటి ముద్ద పెట్టింది. తిన్నాను. ఇంకోటి పెట్టింది. కష్టపడి మింగాను. మళ్లీ పెట్టింది.

"సాలవ్వా!"

"యాల సాలు? నువ్వంటే నాకు ప్రాణం గదమ్మా. తిను."

"కడుపు పగిలిపోతాది!"

"మిగిలింది నీ పక్కలో ఏస్తాలే. దాంట్లోనే పండుకుందువు."

నేను ఏడుపందుకునేసరికి అవ్వకు నవ్వాగలేదు. "ఆ పిల్లలు గూడా ఇట్లే అరిసుంటాయి. నీకు ఇనపడలా."

వాటిని చంపింది ఆకలీ కాదు, దిష్టీ కాదు. తినగా మిగిలిన సంగటి అడుగున కుళ్లి నీళ్లను పాడుచేసింది. ఇద్దరం కొంత నీరు తోడేసి, నీడలో నిలవ ఉంచిన నీళ్లు పోశాం. ఆ తర్వాత ఉడికించిన ఆకుకూర చిటికెడే వేసి, మిగిలితే తీసేసేవాళ్లం. చావులు ఆగిపోయాయి. కాళ్లు మొలిచాక, ఎక్కి కూర్చోవడానికి అవ్వ ఒక పెంకు వాలుగా పెట్టింది. లేకపోతే కప్ప కూడా నీళ్లలో మునిగి చస్తుందట. నేను నమ్మలేదు గానీ, పెంకు మాత్రం తీయలేదు.

ఒక పొద్దున తొట్టి ఖాళీ. పెరడంతా వెతుకుతున్నాను. అంతలో వీధి గుమ్మం దగ్గర మా తాత కేక. మదనపల్లె బస్సుకు పోదామని చెప్పులో కాలు పెట్టబోయాడట.

"ఒమ్మా, నీ బిడ్డ ఈడుండాది సూడు!"

చెప్పులో గోరంత కప్ప. తాతా నేనూ దాన్ని అరటిచెట్ల కింద వదిలి వచ్చేలోపు బస్సు పోయింది. తాత నన్ను తిట్టలేదు, బస్సును తిట్టాడు.

ఇప్పుడు నాకే మనవళ్లున్నారు. ఎవరికి వడ్డించినా తినేవాళ్ల ముఖం చూస్తాను. చాలన్నారంటే గరిటె పక్కన పెట్టేస్తాను, బతిమాలను. దీనివల్ల చుట్టాలంతా నన్ను పిసినారి అనుకుంటున్నారని మా కోడలి బాధ. అనుకోనీ. మా ఇంట్లో తిన్నవాళ్లెవరూ ఆయాసపడుతూ లేవలేదు.