రోగం లేని మేకకు పేగువాపు

ఒక్క అబద్ధంతో ప్రిన్సిపాల్‌గారి చేత ప్రాణం మీద ఆశ వదిలించిన ఘనుణ్ణి నేను. నవ్వకండి, విన్నాక నవ్వుదురు గాని. డెబ్బైల చివరి సంగతి. రోజూ వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు వెళ్లి, అక్కడి కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. కొత్త లెక్చరర్ని, బుర్ర కన్నా గొంతు పెద్దది.

ఆ రోజు పెద్దపేగు కండరం దానంతటదే ఎలా ముడుచుకుంటుందో పిల్లలకు చూపించాలి. మాంసం కొట్టు ఖాజా మియా పొద్దున కోసిన మేక పేగు తెచ్చి, తమాషా చూద్దామని అక్కడే నిలబడ్డాడు. ప్రిన్సిపాల్‌గారు కూడా వచ్చి కూర్చున్నారు.

"కండర కణాల గోడల్లో సన్నటి దారులుంటాయి. వాటిలోంచి కాల్షియం లోపలికి దూరగానే పేగు ముడుచుకుంటుంది. చూడండి!" అంటూ గోరువెచ్చటి ఉప్పునీళ్ల గాజుగొట్టంలో పేగుముక్క వేలాడదీశాను.

చూశారు. పావుగంట చూశారు. అది తడిసిన లాగు నాడాలా వేలాడుతూనే ఉంది.

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. నేను మేక ఓడన్నాను.

"దీనికి పేగువాపు వచ్చినట్టుంది. వాపొస్తే కండరం మొద్దుబారుతుంది."

ప్రిన్సిపాల్‌గారు కడుపు పట్టుకుని లేచారు. "ఏం మాట్లాడుతున్నవయ్యా! పొద్దుగాల గీ మేక కార్జమే తిన్న. ఇంటికొచ్చిన అల్లుడు సుత తిన్నడు!"

"నా మేకకు బీమారా?" ఖాజా మియా ముందుకొచ్చాడు. "నిన్న మందల అన్నిటికన్న ముంగట ఉరికింది సారూ! గీ మాట బజార్ల పడితే నా దుకాణం బంద్ అయితది."

అప్పటికైనా నిజం చెప్పొచ్చుగా? చెప్పలేదు. అసలు తప్పెక్కడో నాకూ తెలియదు. నా కడుపులో పేగులు మాత్రం చకచకా ముడుచుకుంటున్నాయి.

"పుట్టినకాంచి మా బాయినీళ్లు తాగిన పేగు. గీ నీళ్లల్ల ఏం కదుల్తది?" అంటూ ఖాజా మియా తన చెంబులోని నీళ్లు గొట్టంలో ఒంపేశాడు.

"వద్దు!" అని అరిచాను.

పేగు ఉలిక్కిపడింది. కాసేపటికి మళ్లీ ముడుచుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

బీరువా వైపు చూశాను. కాల్షియం సీసా మూత తీయనే లేదు! తాండూరు బాయినీళ్లంటే కరిగిన నాపరాయే, అంటే సున్నపురాయే కదా; నేను మరిచిపోయిన కాల్షియం అందులో కావలసినంత ఉంది.

"మేక మంచిదే సార్. కాల్షియం వేయడం నేనే మరిచాను."

తిడతారనుకున్నాను. ఆయన కుర్చీలో కూలబడి పెద్ద నిట్టూర్పు విడిచారు. "బతికించినవ్ పో! ఖాజా, మాపటికి ఇంకో కిలో పంపు."

ఖాజా మియా నవ్వాడు. నాకూ ఊపిరాడింది.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: నా తప్పు నోరులేని జీవి మీదికి ఎన్నడూ నెట్టను. దాని యజమాని కత్తులు నూరేవాడైతే అసలే నెట్టను.