అనీసా తొలి ఈద్ జోడా

మస్తానక్క మీద నాకు గౌరవం ఎంతో కోపమూ అంతే. కువైట్‌లో ఒకే ఇంట్లో పని మాది. ఆమె వంట చేస్తుంది, తక్కిన చాకిరీ నేను చేస్తాను. ఆమెది రాయచోటి, నాది ఆ పక్కనే లక్కిరెడ్డిపల్లె. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటాం. ఆమె వంటింట్లోకి వచ్చిందంటే ఎవరినో తిట్టడానికే వస్తుంది. అలాంటి మనిషి కూడా మస్తానక్క వండిన మచ్‌బూస్, అదే వీళ్ళ మాంసపన్నం, ఒక ముద్ద తిని నోరు మూసుకుని పోతుంది. అంత పనిమంతురాలికి కన్నకూతురి మాట ఎత్తితే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. ఒళ్ళు మండదా మరి?

ఆ కూతురి పేరు అనీసా. మొగుడు పోయాక, పాలబుగ్గల పిల్లను వాళ్ళ నానీ, అంటే తన తల్లి చేతుల్లో పెట్టి ఇక్కడికి వచ్చింది మస్తానక్క. అప్పటినుంచి ప్రతి రంజాన్‌కూ కార్గో పెట్టెలో బిడ్డకు పండగ బట్టలు పంపేది. కొలతలు ఎక్కడివంటారా? మామా కూతురు దానాకూ అనీసాకూ ఒకటే ఈడు. దానాను పిలిచి, కొత్త గౌను ఆ పిల్ల భుజాలకు ఆనించి చూసేది. దానాకు సరిపోతే అనీసాకూ సరిపోయినట్టే లెక్క. దానా తినే తిండేమిటి, రాయచోటి పిల్ల తినే తిండేమిటి? కొంచెం చిన్నది తీసుకోమని నేను మొత్తుకుంటే, పెరిగే పిల్ల గదా అనేది. ఫోన్లో వచ్చే ఫోటోలో గౌను బాగానే కనబడేది. నేనూ ఇక నోరు మెదిపేదాన్ని కాదు.

పోయిన చలికాలంలో అనీసాకు పెళ్ళయింది. అల్లుడు అబ్దుల్ బాసిత్‌ది హైదరాబాద్. ఇక్కడే కువైట్‌లో, దజీజ్‌లో ఒక గోడౌన్‌కు సూపర్‌వైజరు. మంచి పిల్లవాడు. మస్తానక్క వారం సెలవు మీద పెళ్ళికి వెళ్ళేసరికి పెళ్ళి బట్టలన్నీ కుట్టి సిద్ధంగా పెట్టారు. ఆమె చేత్తో చేయడానికి ఏమీ మిగల్లేదు. పెళ్ళయిన కొన్నాళ్ళకే అల్లుడు పెళ్ళాన్ని తెచ్చుకుని ఫర్వానియాలో కాపురం పెట్టాడు. అంతకాలం సముద్రం అవతల పెరిగిన బిడ్డ ఇప్పుడు ఒక్క బస్సు దూరంలో ఉంది. అయినా ఈ మహాతల్లి అక్కడికి చుట్టపుచూపుగా వెళ్ళి, కుర్చీ అంచున కూర్చుని, టీ తాగి వచ్చేది.

అంతలో రంజాన్ వచ్చింది. పెళ్ళయ్యాక వచ్చే మొదటి ఈద్‌కు కూతురికి కొత్త జోడా పుట్టింటివాళ్ళే పెట్టాలి. వాళ్ళలో అది పద్ధతి. ఎన్ని బట్టలున్నా పండగ పొద్దున పెళ్ళికూతురి ఒంటిమీద ఉండాల్సింది తల్లి ఇచ్చిన జతే. అయితే కొడుకు దగ్గరికి వచ్చి ఉన్న అత్తగారు షహర్‌బాను ఫోన్ చేసింది. మీకు ఇంటిపనుల్లో తీరిక ఎక్కడుంటుంది, హైదరాబాద్ నుంచి మెరూన్ షరారా నేనే తెచ్చాను, మీరు బెంగపెట్టుకోకండి అంది. మాట తేనెలాగే ఉంది. మస్తానక్క సరేనని ఫోన్ పెట్టేసి, ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది. ఆ కన్నీళ్ళు ఉల్లిపాయలవి కావని నాకు తెలుసు.

"బిడ్డకు చిన్నప్పటినుంచీ ఏమీ చేసుకోలేదు. ఈ ఒక్క జోడా గూడా నా చేతిలోంచి పోతే నేను తల్లినని ఏ మొగం పెట్టుకుని చెప్పుకునేది రెడ్డెమ్మా?" అంది.

తర్వాతి సెలవు రోజున ఇద్దరం మిర్కాబ్‌లో మహమ్మద్ గౌస్ కొట్టుకు వెళ్ళాం. గౌస్ కడప టైలరు. రంజాన్ సగం దాటితే ఏ టైలరూ కొత్త బట్ట ముట్టుకోడు. గౌస్ మాత్రం మనూరి వాళ్ళమని ఒప్పుకున్నాడు. మస్తానక్క సంచిలోంచి రాణీరంగు పట్టుబట్ట తీసింది. ఎప్పుడు కొనిందో నాకే తెలియదు. గౌస్ కొలతలు అడిగాడు. ఆమె మళ్ళీ సంచిలో చేయి పెట్టి ఇంకో బట్ట తీసి బల్లమీద పరిచింది. చూస్తే దానా గౌను.

"దీనికంటే రెండు వేళ్ళంత లోపలికి కుట్టు తమ్ముడా" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గౌస్ ఉన్నాడని కూడా చూడలేదు.

"నీ కూతురు యాడుండాదనుకున్నావు అక్కా? రాయచోటిలోనా? ఫర్వానియాలో ఉండాది. బిడ్డ ఇంత దగ్గర ఉంటే ఆ మామా కూతురి గౌను మోసుకొచ్చినావే, నీకేమన్నా పిచ్చా?"

ఆమె తెల్లబోయింది. నిజంగానే ఆమెకు తట్టలేదు. బిడ్డకు బట్ట అనగానే దానా దగ్గరికి పోవడం అంతగా అలవాటైపోయింది. పిలిస్తే రాదేమో, అత్త జోడా ఉంది గదా వద్దంటుందేమో అని గొణిగింది. అదీ అసలు భయం. ఆమె చేతిలోంచి ఫోను లాక్కుని నేనే చేశాను. మీ అమ్మ మిర్కాబ్‌లో నీకోసం కాచుకుని ఉండాది, వస్తావా రావా అన్నాను. వస్తున్నా చిన్నమ్మా అంది అనీసా.

వచ్చింది. వచ్చీ రాగానే రాణీరంగు బట్ట చూసి మూతి తిప్పింది.

"ఏటా ఇదే రంగు పంపిస్తివి అమ్మీ. నాకు ఈ రంగు నచ్చదు."

మస్తానక్క మొహం పాలిపోయింది. చిన్నప్పుడు ఆ రంగు గాజులు చూసి నువ్వు చేతులు తట్టినావే అంది. అప్పుడు నాకు మాటలే రావు గదా అమ్మీ అని నవ్వింది అనీసా. ఆ నవ్వుతో సగం బరువు దిగింది. పక్కనే ఉన్న బట్టల కొట్లో తల్లీకూతుళ్ళు తానులన్నీ విప్పించారు. ఒకరు అవునంటే ఒకరు కాదన్నారు. ఒకరి చేతిలోంచి ఒకరు బట్ట లాక్కున్నారు. కొట్టువాడు విసుక్కుంటే నేను వాడిమీద విసుక్కున్నాను. చివరికి కూతురు లేత పిస్తా రంగు ఎంచుకుంది. దానికి సన్నటి వెండిజరీ అంచు తల్లి ఎంచింది. రాళ్ళూ రప్పలూ ఏమీ లేవు. చూస్తే కళ్ళు చల్లబడ్డాయి.

గౌస్ ఆడవాళ్ళ కొలతలు తాను తీయడు. టేపు మస్తానక్క చేతికిచ్చి, తెరకు అవతల చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాడు. భుజం చెప్పమన్నాడు. ఆమె టేపు పట్టుకుని నిలబడిపోయింది. పెరిగిన బిడ్డ భుజం మీద ఆమె చేయి అంత తీరిగ్గా పడటం అదే మొదటిసారి. భుజం, చేయి, మెడ ఒక్కొక్కటీ కొలిచి చెప్పింది. ఒకటికి రెండుసార్లు కొలిచింది. గౌస్ తొందరపెట్టలేదు.

అప్పుడు చెప్పింది అనీసా. కోపమూ ఉంది, చనువూ ఉంది ఆ గొంతులో.

"నువ్వు పంపిన గౌన్లన్నీ నాకు బొంతల మాదిరి ఉండె అమ్మీ. నానీ లోపల మడతల మీద మడతలు కుట్టి తొడిగిస్తాండె. ఎవరి గౌను వేసుకున్నావే అని వీధిలో పిల్లోళ్ళు నవ్వుతాండ్రి. మా అమ్మ నేను పెద్దగయినాననుకుంటాంది అని చెప్తాంటి."

మస్తానక్క టేపు కింద పడేసి బిడ్డను గట్టిగా పట్టుకుంది. తెర అవతల గౌస్ దగ్గాడు. నడుము కొలత ఇంకా రాలేదక్కా అన్నాడు.

ఈద్ రోజు పొద్దున్నే మామా వాళ్ళ ఇంటి పని ముగించుకుని, డ్రైవర్‌ను బతిమాలి ఫర్వానియా చేరాం. మెట్లెక్కుతుంటే మస్తానక్క నా చేయి వదల్లేదు. గౌస్ కుట్టిన జోడా చేరిందని తెలుసు. ఏది వేసుకుందో తెలియదు. అత్త పెట్టిన మెరూన్ జత వేసుకుని తలుపు తీస్తే ఈమె అక్కడే కూలిపోతుందేమోనని నా భయం.

తలుపు షహర్‌బాను తీసింది. లోపల చుట్టాల ఆడవాళ్ళు, షీర్‌ఖుర్మా పాయసం వాసన. వాళ్ళ మధ్యలోంచి అనీసా వచ్చింది. ఒంటిమీద పిస్తా రంగు షరారా, తలమీద వెండి అంచు దుపట్టా. నా ముండ దిష్టే తగిలేటట్టుంది, అంత బాగుంది పిల్ల.

షహర్‌బాను ఊరుకుంటుందా? కోడల్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. భుజం కుట్టు లాగింది, చంక దగ్గర వేలు పెట్టింది, నడుము దగ్గర గిల్లి చూసింది. ఎక్కడా వేలికి వదులు దొరకలేదు. నేను ఆమె మొహమే చూస్తున్నాను, ఎందుకు చూడకూడదు? చివరికి చుట్టాల వైపు తిరిగి, తల్లి పెట్టిన జోడా అని తానే చెప్పింది. మళ్ళీ మస్తానక్క చెవి దగ్గరకు వచ్చి, బక్రీదుకు తనకూ ఒకటి కుట్టించాలని, కొలతలు మాత్రం ఆమే తీయాలని అడిగింది. చూద్దాంలే అంది మస్తానక్క. అబ్బ, ఆ మాట ఎంత దర్జాగా అందో!

అనీసా తల్లి దగ్గరికి వచ్చి, కుర్తా పక్క కుట్టు తిరగేసి చూపించింది.

"చూడు అమ్మీ, లోపల ఒక్క మడత గూడా లేదు."

మస్తానక్క ఆ కుట్టు వెంబడి వేలు పోనిచ్చింది, పైనుంచి కిందిదాకా. ఆరోజు ఆమె ఏడవలేదు. నడిగదిలో, కుర్చీ నిండుగా వెనక్కి ఆనుకుని కూర్చుని, నాకు షీర్‌ఖుర్మా పెట్టమని కూతురికి పురమాయించింది.