మాస్కు కింద ప్రాణాయామం

అది 2022. ముదినేపల్లి కృష్ణా జిల్లాను వదిలి మా ఏలూరు జిల్లాలోకి వచ్చిన సంవత్సరం. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఊపిరితిత్తుల డాక్టరు గారి గది పక్కనే ఉన్న చిన్న గది నాది. స్లీప్ టెక్నీషియన్‌ని. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్తాను. "నిద్రపోయేవాళ్లని చూడ్డానికి కూడా జీతం ఇస్తారా అండీ?" అని తోటి ప్రయాణికులు ఏడిపిస్తుంటారు. చూడ్డమే అయితే హాయిగానే ఉండును. అసలు తంటా అంతా ఆ తర్వాత మెషీను అలవాటు చెయ్యడంలో ఉంది.

స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోవడం. ఊపిరి ఆగుతుంది, మెదడు కంగారుపడి లేపుతుంది, మళ్లీ గురక, మళ్లీ ఆగడం. తెల్లారేదాకా మంచం మీద ఉన్నా నిద్రపోయినట్టు కాదు. దీనికి సీపాప్ అనే మెషీను ఇస్తాం. ముక్కు మీది మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపి ఆ దారి మూసుకోకుండా అది కాపాడుతుంది. ఊపిరి ఆగిందనిపిస్తే ఆ ఒత్తిడి తనే పెంచుకునే రకం. "ఇది ఆక్సిజన్ కాదండీ, మన గదిలో గాలే" అని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. కరోనా చూసిన జనం కదా, మొహానికి మాస్కు అనేసరికి ఇంటిల్లిపాదీ కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

ఆషాఢంలో ముదినేపల్లి దగ్గరి పల్లె నుంచి సోమయాజులు గారు వచ్చారు. అరవై దాటిన పురోహితులు. భారీ మనిషి, పొట్టి మెడ. వెంట భార్య కామేశ్వరమ్మ గారు. ఆయన పేరు నమోదు చేసుకునేలోపే కుర్చీలో కునుకు తీశారు. ఆవిడ మోచేత్తో పొడిచి లేపి, "చూశావామ్మా, ఇదీ వరస" అన్నారు.

స్లీప్ స్టడీలో జబ్బు తీవ్రంగానే ఉందని తేలింది. మర్నాడు ఫలితం చెబుతుంటే ఆయన రక్తపోటు గురించి అడగలేదు, గుండె గురించి అడగలేదు. "దీంతో బుర్ర తేటపడుతుందా అమ్మా?" అని ఒక్కటే అడిగారు. ఎందుకలా అడుగుతున్నారంటే ఆయన భార్య వైపు చూశారు. కామేశ్వరమ్మ గారే చెప్పారు.

మాఘంలో ఒక రైతు ఇంట తద్దినం చేయిస్తున్నారట. ఆ ఇంటికి వీళ్లు తండ్రుల కాలం నుంచీ పురోహితులు. పిండం పెట్టించే వేళ గోత్రం, చనిపోయిన తండ్రి పేరు పురోహితుడు చెబుతుంటే కొడుకు తిరిగి చెప్పాలి. సరిగ్గా అక్కడ సోమయాజులు గారికి రెప్ప పడింది. ఆ మత్తులో, పోయినాయన పేరుకి బదులు ఆయన తమ్ముడు రాఘవయ్య గారి పేరు చెప్పేశారు. ఆ రాఘవయ్య గారు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నారు, నిక్షేపంలాగ.

"బతికున్న మనిషిని పితృదేవతల్లో కలిపేశానమ్మా," అన్నారు సోమయాజులు గారు. "ఆ కొడుకు తిరిగి చెప్పకుండా నా మొహం కేసి చూశాడు. ఆ చూపు మరిచిపోలేను. బుర్ర తేటపడితే తప్ప ఇంక పీట మీద కూర్చోనని ఒట్టేసుకున్నాను."

అప్పటినుంచి ఎవరు పిలిచినా పక్క ఊరి పురోహితుణ్ణి చూపిస్తున్నారట. ఆయనకి చేతనైన విద్య అదొక్కటే. నాకు చాలా బాధేసింది. మెషీను ఇచ్చి, మాస్కు బిగించడం చూపించి, ర్యాంప్ అంటే ఏమిటో చెప్పాను. అది గాలిని మొదట మెల్లగా మొదలుపెట్టి నెమ్మదిగా పెంచే ఏర్పాటు. "కంగారు పడకుండా, మామూలుగా ఊపిరి తీసుకోండి, చాలు" అని పంపించాను. అందరికీ చెప్పే మాటే.

రెండు వారాలు తిరక్కుండానే మెషీను సంచీతో సహా తిరిగొచ్చారు. ముఖం ఇంకా పీక్కుపోయి ఉంది.

"తీసేసుకో తల్లీ. నాకూ దీనికీ పడదు."

"ఏమైందండీ?"

"పెట్టుకున్న కాసేపటికే గాలివానలాగ మీదికొచ్చేస్తుంది. కడుపుబ్బిపోతోంది. రాత్రంతా తేన్పులు."

"సగం రాత్రి వరండాలో పచార్లు చేస్తున్నారమ్మా," అన్నారావిడ.

నిజం చెప్పొద్దూ, ఈయనా ఒక మొండిఘటమే అనుకున్నాను. అలాంటివాళ్లు నాకు కొత్త కాదు. నాలుగు రోజులు పెట్టుకుని, నలభై వంకలు చెప్పి, అటక మీద పడేస్తారు. కానీ మెషీనులో దాచుకున్న వివరాలు కంప్యూటరులో తీసి చూస్తే ఒక వింత కనబడింది. ఆయన పడుకున్న మొదటి గంటలోనే ఊపిరి పదే పదే ఆగుతోంది. అదీ స్కేలు పెట్టి గీసినట్టు, సమానమైన ఎడంతో, సమానమైన సేపు. జబ్బు వల్ల ఆగే ఊపిరి అంత క్రమశిక్షణగా ఎప్పుడూ ఆగదు. పైగా ఆ గంటలో తనకి కునుకే పట్టడంలేదని ఆయనే అంటున్నారు.

"ఇంట్లో ఎలా పడుకుంటారో ఇక్కడ ఒకసారి పడుకుని చూపించండి పంతులు గారూ," అన్నాను.

పట్టపగలే మా గదిలో మంచం మీద పడుకోబెట్టి మాస్కు తగిలించాను. కళ్లు మూసుకున్నారు. ఛాతీ నిండుగా పైకి లేచింది. అక్కడే ఆగిపోయింది. పొట్ట మీద పెట్టుకున్న కుడిచేతి బొటనవేలు, వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా జరుగుతోంది. కణుపులన్నీ అయ్యాక ఊపిరి మెల్లగా వదిలారు. మళ్లీ నింపారు, మళ్లీ ఆపారు. మళ్లీ కణుపుల లెక్క.

మాస్కు తీసేసి, "ఏం చేస్తున్నారండీ మీరు?" అన్నాను.

"మామూలుగా తీసుకోమన్నావు కదమ్మా. పూరకం, కుంభకం, రేచకం."

ఊపిరి పీల్చడం, బిగపట్టడం, వదలడం. వడుగు అయిన నాటి నుంచీ సంధ్యావందనంలో పూటపూటా చేస్తున్న ప్రాణాయామం. మనసు ముక్కు దగ్గర పెట్టి ఊపిరి తీసుకోవడం అంటే ఆయనకి తెలిసిన మామూలు అదే. ఆయన శ్రద్ధగా బిగపట్టిన ప్రతిసారీ మెషీను పాపం గొంతు మూసుకుపోయిందనుకుని ప్రెషర్ పెంచేస్తోంది. ఇద్దరూ ఎవరి ధర్మం వాళ్లు తూచా తప్పకుండా చేస్తున్నారు. మధ్యలో కడుపు ఉబ్బుతోంది.

నాకు నవ్వాగలేదు. కామేశ్వరమ్మ గారికీ ఆగలేదు. సోమయాజులు గారు మాత్రం చిన్నబుచ్చుకున్నారు.

"కుంభకం చెయ్యకండి, అంతే. గాలి దాని దారిన అది వస్తుంది," అన్నాను.

మళ్లీ ప్రయత్నించారు. బిగపట్టకూడదని గుర్తుచేసుకోవడంలో బిగపట్టేశారు. ఇంకోసారి, అదే తంతు. చివరికి లేచి కూర్చుని, "చెయ్యమంటే చేస్తాను తల్లీ, చెయ్యకుండా ఉండమంటే నావల్ల కావడంలేదు. ఇంక ఆ పీట నాకు రాసిపెట్టి లేదేమో," అన్నారు. ఇందాక నవ్వినందుకు నాకే సిగ్గేసింది.

ఏం పాలుపోక ఆవిడనే అడిగాను, "ఈయన ఊపిరి సంగతి మరిచిపోయేది ఎప్పుడండీ?"

ఆవిడ తడుముకోలేదు. "దర్భలు ముందేసుకున్నప్పుడమ్మా. పవిత్రాలు ముడేస్తుంటే ఇల్లు కాలిపోతున్నా పలకరు."

పవిత్రం అంటే కర్మ చేసేటప్పుడు ఉంగరం వేలికి తొడిగే దర్భ ముడి.

"ఇప్పుడు నాకెందుకే పవిత్రాలు? చేయించే కర్మేముంది?" అన్నారాయన.

"మీరు చేయించకపోతే ఇంకొకరు చేయిస్తున్నారు కదండీ. వాళ్లకీ కావాలిగా. పీట ఎక్కనని ఒట్టేశారు గానీ దర్భ ముట్టనని వెయ్యలేదు కదా," అన్నాను.

ఆవిడ ఆయన చేతిసంచీలో చెయ్యి పెట్టి దర్భకట్ట తీశారు. పని మానేసి నెలలైనా ఆ సంచీలోంచి దర్భ తియ్యడానికి ఆయనకి మనసొప్పలేదని దాన్నిబట్టే తెలిసింది.

కుర్చీలో కూర్చోబెట్టి, ప్రెషర్ బాగా తగ్గించి, మాస్కు పెట్టాను. నోరు మూసుకుని ఉండాలి, మాట్లాడకూడదు అని మాత్రం చెప్పాను. మొదటి పవిత్రం వంకరగా వచ్చింది. విప్పేశారు. రెండోదానికి వేళ్లు దారిలో పడ్డాయి. నేను తెర మీద ఊపిరి గీత చూస్తున్నాను. కాసేపటికి అది తిన్నగా, మెత్తగా సాగడం మొదలెట్టింది. ఆయన వైపు చూస్తే కనుబొమలు ముడిచి, దర్భ కొస తిప్పుతూ ఉన్నారు, మేమిద్దరం ఉన్నామన్న స్పృహే లేదు. చాలా సేపటికి తలెత్తి, మాస్కు పక్కకి జరిపి అడిగారు.

"మెషీను ఆపేశావా అమ్మా?"

"నడుస్తూనే ఉందండీ. మీరే ఊపిరిని దాని మానాన వదిలేశారు."

ఆయన చేతిలోని పవిత్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఇంటికెళ్లాక రోజూ సాయంత్రం మాస్కు పెట్టుకుని దర్భలు ముందేసుకోమన్నాను. అలవాటయ్యాక ప్రెషర్ కొంచెం కొంచెం పెంచుతూ మంచం మీదికి మార్చాం. పడుకున్నాక వేళ్లు ఊరికే ఉండలేకపోతే ఒక దర్భ చేతిలో పెట్టుకోమన్నాను. ఒకరోజు పొద్దున్నే కామేశ్వరమ్మ గారు ఫోన్ చేశారు. "అమ్మా, రాత్రంతా గురక లేదు. ఉన్నారో లేదోనని నేనే లేచి లేచి చూసుకున్నాను. ఇప్పుడీ జబ్బు నాకొచ్చేట్టుంది," అన్నారు. ఆ చుట్టుపక్కల పురోహితులందరికీ ఆ ఏడు పవిత్రాల కరువు లేదట.

కార్తీకానికి ఆయన ముఖం తేరుకుంది. కునుకులు పోయాయి. డాక్టరు గారు చూసి సంతోషించారు. అయినా పీట ఎక్కలేదు. "బుర్ర తేటపడింది తల్లీ, ధైర్యమే రావడంలేదు" అనేవారు. దానికి నా దగ్గర ఏ మెషీనూ లేదు.

మాఘం వచ్చింది. మెషీను చూపించుకోవడానికి వచ్చిన సోమయాజులు గారి వెనక, తెల్ల పంచెలో ఒక పెద్దాయన కర్ర ఊతంతో లోపలికి వచ్చారు. రాఘవయ్య గారు. వాళ్ల కారులోనే తీసుకొచ్చారట.

"ఏవమ్మా, ఈయన్ని ఆసుపత్రికి తెచ్చే వంకతో పట్టుకున్నాను. ఇంటికొస్తే దొరకడంలేదు," అని, ఆయన వైపు తిరిగారు. "ఏవండీ పంతులు గారూ, నా పేరు చెప్పి ఏడాదైంది. నేను రాయిలాగున్నాను. మీరే నీరసించిపోయారు. వచ్చే వారం మా అన్నయ్య తిథి. ఇంకో ఆయన వచ్చి పేరు కాగితం మీద రాసిమ్మంటాడు. మా అన్నయ్య ఎలాంటివాడో ఆయనకేం తెలుసండీ? మీరిద్దరూ ఒక బళ్లో చదువుకున్నారు. మీరే పిలవాలి."

"మళ్లీ తప్పితే?"

"తప్పితే నేనక్కడే కూర్చుంటాగా. నేను కాదండీ, మా అన్నయ్య అని చెబుతాను."

సోమయాజులు గారు ఉత్తరీయంతో కళ్లు అద్దుకున్నారు. నేను కంప్యూటరు కేసి తిరిగి, చూడ్డానికేమీ లేకపోయినా చూస్తూ కూర్చున్నాను.

తిథి అయిన సాయంత్రం ఫోన్ మోగింది. సోమయాజులు గారే. "పిలిచానమ్మా. మూడు తరాల పేర్లూ తడబడకుండా వచ్చాయి," అన్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదీ. ఒక్కొక్కరి మామూలు ఒక్కొక్క రకం. ఏళ్ల తరబడి ఒద్దికగా బతికినవాళ్లకి, అన్నీ తామే సరిగ్గా చెయ్యాలనుకునేవాళ్లకి, ఊరికే ఉండడం అన్నిటికన్నా కష్టం. మామూలుగా ఊపిరి తీసుకోండి అని ఇప్పుడెవరికీ చెప్పను. ఏ పనిలో పడితే మీకు ఒళ్లు తెలియదండీ, అని అడుగుతాను. చిక్కుడుకాయల ఈనెలు తియ్యడం అంటారొకరు, వల అల్లడం అంటారింకొకరు. రేపు వచ్చేటప్పుడు అది వెంట తెచ్చుకోండి, అంటాను.