కాలు అందని బండి

వాన వెలిశాక తవ్విపోసిన మట్టి వాసన వస్తే, నా బండి వెనుక సీటు మీద ఒక పక్కకు కూర్చున్న రత్నమాల టీచరు గుర్తుకొస్తారు. 2012 ప్రాంతంలో అశోక్ నగర్‌లో మేం కిరాయికున్న ఇంట్లో కింది వాటా ఆవిడది. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను కొండలూ మట్టిబాటలూ ఎక్కడానికి చేసిన ఎత్తైన మోటార్ సైకిల్ కొన్నాను. నేనేమో పొట్టి. కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలకు తగిలేవి. కొండల సంగతి దేవుడెరుగు, అది రోజూ చూసింది చిక్కడపల్లి కూరగాయల మార్కెట్, నారాయణగూడలో మా ఆఫీసు.

"పొట్టోనికి పుట్టెడు బుద్ధులంటరు. బండి కొనేటప్పుడు ఒక్కటి గూడ యాదికి రాలేదా శ్రీనూ?" అన్నారు టీచరు మొదటిరోజే. నాకు ఒళ్లు మండింది. వారం తిరగకముందే ఆవిడే గేటు పక్క మెట్టు మీద నిలబడి, "జర బాగ్ లింగంపల్లి దాక దించుతవా?" అని అడిగారు. రిటైరయ్యాక కూడా అక్కడి బస్తీలో పాలమూరు నుంచి వచ్చిన కూలీ ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. తవ్విపోసిన గుంతల రోడ్ల మీద ఆటోలో వెళ్తే ఆవిడ నడుము పట్టేసేది. నా బండి మీద గుంతలు తెలిసేవే కావు. అలా వారానికి మూడు సాయంత్రాలు మెట్టు మీంచి బండెక్కేవారు. అక్షరం ముక్క చెప్పకపోయినా ఆ చదువులో నాకూ వాటా ఉందని గర్వపడేవాణ్ణి.

ఒకరోజు నారాయణగూడ చౌరస్తాలో ముందు బస్సు ఆగితే బ్రేకు వేసి ఎడమ కాలు దించాను. అక్కడ గుంత. నేల అందలేదు. బండి ఒరుగుతోందని తెలిసీ రెండు క్షణాలు పళ్లు బిగించి ఆపాను. ఆవిణ్ణి దిగమనడానికి ఆ రెండు క్షణాలు చాలు. అనలేదు. ఇద్దరం పడ్డాం. ఆవిడ మణికట్టు విరిగింది.

చేతికి సిమెంటు కట్టుతో ఆవిడ ఇంటికొచ్చాక, ముఖం చూపించలేక గుమ్మం బయటే నిలబడ్డాను.

"బండి అమ్మేస్త టీచరమ్మా."

"అమ్ముకుంటవో ఉంచుకుంటవో నీ ఇష్టం. పడ్డందుకు నాకు కోపం లేదు. కాలు అందుతలేదని నీకు ఎర్కయింది గద?"

"అయింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

సిగ్గయిందని చెప్పడానికీ సిగ్గే అయింది. బస్తీ చదువు నెలన్నర ఆగిపోయింది. ఆ సాయంత్రాలు ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు నరకంగా ఉండేది.

కట్టు విప్పిన వారానికి టీచరు మళ్లీ మెట్టు మీద నిలబడ్డారు. "ఎక్కుతున్న. ఈసారి నోరు తెర్వు" అన్నారు. చిక్కడపల్లి మలుపులో ఆటో ఒకటి ఉన్నట్టుండి ఆగింది. నా కాలు గాల్లోనే ఉంది.

"టీచరమ్మా, అందుతలేదు, దిగుండ్రి."

వెనక హారన్లు మోగుతుండగా ఆవిడ నెమ్మదిగా జారి దిగి, చీర సర్దుకున్నారు. "ఇంతే గద" అన్నారు.

టీచరు ఇప్పుడు లేరు. నేను పదిమందికి పని అప్పగించే కుర్చీలో ఉన్నాను. చేతకాని పని నెత్తిన పడితే ఇప్పటికీ ముందు పళ్లు బిగుసుకుంటాయి. ఆ తర్వాత, ఇది నా వల్ల కావడం లేదని అందరి ముందూ చెప్పేస్తాను. ప్రతిసారీ సిగ్గుగానే ఉంటుంది. సిగ్గుపడుతూనే చెబుతాను. నన్ను నమ్మి వెనక కూర్చున్నవాళ్లున్నారు.